పక్కగాలిలో టెయిల్‌వీల్ విమానాన్ని అదుపు తప్పకుండా దింపడం ఎలా?

టెయిల్‌వీల్ విమానం (ముందు రెండు పెద్ద మెయిన్ చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం ఉండేది) నేర్చుకునేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. "ఫైనల్‌లో (రన్‌వేకు తిన్నగా దిగివచ్చే చివరి దశలో) అంతా బాగానే ఉంటుంది. చక్రాలు కూడా మెత్తగానే తాకుతాయి. తర్వాత రెండు మూడు సెకన్లకు ముక్కు ఒక్కసారిగా గాలివైపు లాగేస్తుంది. నేను చేస్తున్న తప్పేంటి?"

తప్పు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి, చక్రాలు నేలను తాకే క్షణంలో. అప్పుడు ముక్కు ఒకవైపు చూస్తూ, విమానం ఇంకోవైపు జరుగుతూ ఉంటే గొడవ అక్కడే మొదలైనట్టు. రెండోది, తాకిన తర్వాత వేగం తగ్గే దశలో. ల్యాండింగ్ అయిపోయిందనుకుని చాలామంది స్టిక్‌ను మధ్యకు వదిలేస్తారు, కాళ్లు సడలిస్తారు. గ్రౌండ్ లూప్‌లు (విమానం నేలమీద అదుపు తప్పి గిర్రున తిరిగిపోవడం) ఎక్కువగా అప్పుడే అవుతాయి. ఈ గైడ్‌లో ఎక్కువ చోటు ఆ దశకే ఇచ్చాను.

ముందే ఒక మాట. ఇది చదివి ఒంటరిగా ప్రయత్నించవద్దు. టెయిల్‌వీల్ తెలిసిన ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి చేయడానికే ఇది రాశాను. మీ విమానం హ్యాండ్‌బుక్‌లో ఇంకోలా ఉంటే హ్యాండ్‌బుక్ మాటే వినండి.

తెలియాల్సిన కాస్త థియరీ

టెయిల్‌వీల్ విమానంలో బరువు కేంద్రం మెయిన్ చక్రాల వెనుక ఉంటుంది. నేలమీద పరుగెత్తేటప్పుడు ముక్కు కొంచెం పక్కకు తిరిగితే, వెనకున్న బరువు పాత దిశలోనే పోవాలని చూస్తూ తోకను బయటికి నెడుతుంది. దాంతో ముక్కు ఇంకా తిరుగుతుంది. అంటే తప్పు దానంతట అదే పెరుగుతుంది. ముక్కుచక్రం ఉన్న విమానంలో బరువు మెయిన్ చక్రాలకు ముందుంటుంది కాబట్టి, అక్కడ ఇదే బరువు విమానాన్ని తిరిగి దారిలో పెడుతుంది. ఆ విమానాలు కాస్త వంకరగా దిగినా క్షమిస్తాయి. ఇవి క్షమించవు.

దీనికి పక్కగాలి తోడవుతుంది. తోకమీది నిలువు ఫిన్‌కు గాలి తగిలి ముక్కును గాలివైపు తిప్పుతుంది. వేగం ఉన్నంతసేపు రడ్డర్ (ఫిన్ వెనుక ఉండే, కాళ్లతో కదిపే పలక) దాన్ని ఆపగలదు. వేగం తగ్గేకొద్దీ రడ్డర్ బలం తగ్గిపోతుంది కానీ గాలి తగ్గదు. ఇంతకుమించి థియరీ అక్కర్లేదు.

ముందుగా కావాల్సినవి

- టెయిల్‌వీల్‌లో అనుభవం ఉన్న ఇన్‌స్ట్రక్టర్. ఆయన సీటు దగ్గర కూడా రడ్డర్ పెడల్స్ ఉండాలి, బ్రేకులు కూడా ఉంటే మంచిది.
- వెడల్పయిన రన్‌వే. గడ్డి రన్‌వే దొరికితే ఇంకా మేలు. గడ్డిమీద టైరు కాస్త పక్కకు జారుతుంది, తారుమీద పట్టేసుకుంటుంది. చిన్న తప్పును గడ్డి మింగేస్తుంది.
- మొదట్లో 5 నుంచి 8 నాట్ల పక్కగాలి, అదీ నిలకడగా వీచేది. విసురుగాలి ఉన్న రోజున మొదలుపెట్టకండి.
- పలుచని అడుగున్న బూట్లు. మందపాటి సోలుతో పెడల్ ఎంత కదిలిందో పాదానికి తెలియదు.
- రడ్డర్ పూర్తిగా నొక్కినా కాలు అందేలా సీటు, కుషన్. సీటు పట్టాలమీద జరిగే రకమైతే గట్టిగా లాక్ అయిందో లేదో ఊపి చూడండి.

విమానం చుట్టూ తిరిగి చూసేటప్పుడు తోకచక్రం దగ్గర ఒక నిమిషం ఎక్కువసేపు ఆగండి. స్టీరింగ్ స్ప్రింగులు, గొలుసులు రెండువైపులా ఒకే బిగువులో ఉన్నాయా? టైరులో గాలి సరిపోయిందా? మెయిన్ టైర్లు రెండింటిలో గాలి సమానంగా ఉందా? బ్రేకులు రెండూ ఒకేలా పడుతున్నాయా అన్నది టాక్సీలో చూసుకోండి. ఒకవైపు బ్రేకు మెత్తగా ఉంటే, సరిగ్గా అవసరమైనప్పుడే అది మోసం చేస్తుంది. వెనుక అరలో బరువైన సామాను వేయకండి. బరువు కేంద్రం వెనక్కి జరిగేకొద్దీ ముక్కు తిరిగే గుణం పెరుగుతుంది.

1. గాలి లెక్క వేయండి

రన్‌వే దిశకూ గాలి దిశకూ మధ్య ఎన్ని డిగ్రీల తేడా ఉందో చూడండి. 30 డిగ్రీలైతే గాలి వేగంలో సగం పక్కగాలి. 45 డిగ్రీలైతే సుమారు 70 శాతం. 60 డిగ్రీలైతే దాదాపు 90 శాతం. అంతకు పైన మొత్తం పక్కగాలే అనుకోండి.

ఉదాహరణకు రన్‌వే 18 (అంటే 180 డిగ్రీల దిశ), గాలి 220 డిగ్రీల నుంచి 15 నాట్లు. తేడా 40 డిగ్రీలు, కుడివైపు నుంచి. పక్కగాలి సుమారు 10 నాట్లు. అదే గాలి 22 నాట్లకు విసురుతుంటే 14. లెక్క ఎప్పుడూ విసురు అంకెతోనే వేయండి, ఎందుకంటే ఆ విసురు మీరు తాకే క్షణానికే రావచ్చు.

టవర్ చెప్పే గాలి దిశ మాగ్నెటిక్ (దిక్సూచి చూపే ఉత్తరం నుంచి లెక్కించినది), రన్‌వే అంకె కూడా మాగ్నెటిక్, కాబట్టి నేరుగా పోల్చవచ్చు. మెటార్‌లో (ఎయిర్‌ఫీల్డ్ వాతావరణ నివేదికలో) రాసి ఉండే దిశ మాత్రం ట్రూ నార్త్, అంటే మ్యాపుమీది అసలు ఉత్తరం నుంచి. రెండింటికీ తేడా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో దీన్ని మరిచిపోకూడదు.

హ్యాండ్‌బుక్‌లో "డెమాన్‌స్ట్రేటెడ్ క్రాస్‌విండ్" అని ఒక అంకె ఉంటుంది. అది పరీక్షల్లో చేసి చూపించిన గాలి. చాలా విమానాల్లో అది చట్టపరమైన హద్దు కాదు. అలాగని మీరు కూడా అంత గాలిలో దింపగలరని హామీ కూడా కాదు. చిన్న విమానాలకు అమెరికాలో చాలాకాలం ఉన్న నిబంధన ప్రకారం, ల్యాండింగ్ రూపంలో స్టాల్ వేగంలో (రెక్కలు ఇక విమానాన్ని మోయలేని వేగంలో) కనీసం 0.2 వంతు పక్కగాలిలో విమానం అదుపులో ఉందని చూపించాల్సి ఉండేది. స్టాల్ 45 నాట్లయితే అది 9 నాట్లు. మీ సొంత హద్దు ఎంతో ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడి కాగితంమీద రాసుకోండి. గాల్లో ఉండగా తేల్చుకోవాల్సిన విషయం కాదిది.

గాలి హద్దు దాటితే దారులున్నాయి. గాలికి ఎదురుగా ఉండే ఇంకో రన్‌వే, లేదా ఇంకో ఎయిర్‌ఫీల్డ్, లేదా ఒక గంట ఆగడం. రన్‌వే బాగా వెడల్పుగా ఉంటే మూలనుంచి మూలకు ఏటవాలుగా, గాలికి కొంత ఎదురుగా దిగవచ్చు. ఇది పనిచేస్తుంది కానీ ముందే సాధన చేసి ఉండాలి.

2. త్రీ పాయింటా, వీల్ ల్యాండింగా?

త్రీ పాయింట్ అంటే మెయిన్ చక్రాలూ తోకచక్రమూ కలిసి తాకడం, వీల్ ల్యాండింగ్ అంటే తోక పైన ఉండగా మెయిన్ చక్రాలతోనే తాకడం. ఈ వాదన పైలట్ల మధ్య తెగదు. నా అభిప్రాయం: మీ చేతికి ఏది బాగా వచ్చో, మీ విమానానికి ఏది నప్పుతుందో అదే చేయండి. రెండూ వచ్చి ఉండటం మాత్రం తప్పనిసరి.

త్రీ పాయింట్‌లో నెమ్మదిగా తాకుతారు, తోకచక్రం వెంటనే నేలమీద ఉంటుంది, స్టీరింగ్ చేతికొస్తుంది. కానీ ముక్కు పైకి లేచి ముందుచూపు మూసుకుపోతుంది. జె-3 కబ్ లాంటివాటిలో ఒక్కరే ఎగిరేటప్పుడు వెనుక సీట్లో కూర్చోవాలి కాబట్టి రన్‌వే రెండు అంచులే కనపడతాయి. వీల్ ల్యాండింగ్‌లో వేగం ఎక్కువ కాబట్టి రడ్డర్‌కు బలం ఉంటుంది, ముందుచూపు బాగుంటుంది. కానీ తర్వాత తోకను కిందికి దించాల్సిన ఘట్టం ఒకటి మిగిలే ఉంటుంది. విసురుగాలిలో చాలామంది వీల్ ల్యాండింగ్‌నే ఇష్టపడతారు.

ఏది చేస్తారో డౌన్‌విండ్‌లోనే (దిగేముందు రన్‌వే పక్కగా ఎదురు దిశలో ఎగిరేటప్పుడే) తేల్చుకోండి. ఫ్లేర్‌లో (నేలకు దగ్గరగా ముక్కు ఎత్తి దిగే వేగం తగ్గించే క్షణంలో) మనసు మార్చుకుంటే రెండూ చెడతాయి.

తోకచక్రానికి లాక్ ఉన్న విమానమైతే, దిగేముందు లాక్ వేయడం చెక్‌లిస్టులో ఉంటుంది. పైకి చదివి వేయండి.

3. ఫైనల్

మామూలు అప్రోచ్ వేగానికి విసురులో సగం కలపండి. గాలి 12, విసురు 20 అయితే తేడా 8, కలపాల్సింది 4 నాట్లు. అంతకన్నా ఎక్కువ పెడితే విమానం నేలమీద తేలుతూ పోతుంది. తేలుతున్నంతసేపూ గాలి పక్కకు నెడుతూనే ఉంటుంది. ఫ్లాప్స్ (రెక్కల వెనుక అంచున కిందికి దించే పలకలు) ఎంత వాడాలో మీ హ్యాండ్‌బుక్ చూడండి. బలమైన పక్కగాలిలో కొన్ని విమానాలకు తక్కువ ఫ్లాప్స్ నప్పుతాయి.

దూరంగా ఉన్నప్పుడు క్రాబ్‌లో, అంటే ముక్కును గాలివైపు తిప్పి రండి. ఇంకా ఎత్తు ఉండగానే, కొత్తవాళ్లయితే 300 అడుగుల దగ్గరే, సైడ్‌స్లిప్‌లోకి మారండి. గాలి వచ్చేవైపు రెక్కను వంచండి, ఎదురు రడ్డర్‌తో ముక్కును రన్‌వేకు తిన్నగా పెట్టండి. చేయి చేసే పనీ కాలు చేసే పనీ వేరువేరు. స్టిక్ పక్కకు జరగడాన్ని ఆపుతుంది. రడ్డర్ ముక్కును తిన్నగా ఉంచుతుంది. విమానం కుడికి జరుగుతుంటే కాలు కదపకండి, స్టిక్ ఎడమకు వేయండి. ముక్కు వంకరగా ఉంటే స్టిక్ కదపకండి, కాలు వేయండి. ఈ రెండు పనులూ కలగాపులగం కావడమే సగం సమస్య.

చివరి క్షణంలో క్రాబ్ విప్పే పద్ధతి కూడా ఉంది. టెయిల్‌వీల్‌లో కొత్తవాళ్లకు దాన్ని నేను సిఫారసు చేయను. ఒక సెకను ముందు విప్పినా, వెనక విప్పినా పక్కభారంతో తాకుతారు.

4. తాకకముందే పరీక్ష

ఫైనల్ చివర సైడ్‌స్లిప్‌లో స్థిరపడ్డాక ఒక్కటి గమనించండి. ముక్కును తిన్నగా ఉంచడానికి రడ్డర్ ఎంత పోతోంది? పూర్తిగా నొక్కినా ముక్కు గాలివైపే ఉంటే, ఈ గాలి ఈ విమానానికి ఎక్కువ. గో అరౌండ్ చేయండి, అంటే దిగకుండా పవర్ ఇచ్చి మళ్లీ పైకి వెళ్లండి. గాల్లో అప్రోచ్ వేగంతోనే రడ్డర్ చాలకపోతే, నేలమీద నెమ్మదించాక అస్సలు చాలదు.

ఈ పరీక్షకు డబ్బు ఖర్చు కాదు, సమయం పట్టదు. అయినా చాలామంది చేయరు.

విండ్‌సాక్‌ను (గాలి దిశ చూపే గుడ్డ గొట్టాన్ని) కూడా చివరిసారి చూడండి. ప్రామాణిక విండ్‌సాక్ సుమారు 15 నాట్లకు పూర్తిగా చాచుకుంటుంది. అది అడ్డంగా చాచుకుని అటూఇటూ ఊగుతుంటే విసురుగాలి ఉందన్నమాట. రన్‌వే పక్కన హ్యాంగర్లు, చెట్ల వరసలు ఉంటే వాటి మధ్య సందులు ఎక్కడున్నాయో చూసి పెట్టుకోండి. చాటున ఉన్నంతసేపు గాలి లేనట్టే ఉంటుంది. సందు దగ్గరకు రాగానే పక్కనుంచి తోసేస్తుంది. ఆ చోటులో తాకకుండా ముందో వెనుకో తాకండి.

5. ఫ్లేర్, నేలను తాకడం

ఫ్లేర్‌లో వేగం తగ్గేకొద్దీ ఐలెరాన్ (రెక్కల చివర ఉండే, స్టిక్ పక్కకు వేస్తే కదిలే పలక), రడ్డర్ రెండూ బలం తగ్గుతాయి. కాబట్టి అదే ఫలితం కోసం రెండూ ఎక్కువెక్కువ వేయాలి. ఇక్కడ చాలామంది రెక్కను సమం చేసేస్తారు. ఒంటి చక్రంమీద దిగడం తప్పేమో అన్న భయమది. తప్పు కాదు, సరిగ్గా అలాగే దిగాలి. గాలివైపు చక్రం ముందు తాకుతుంది, త్రీ పాయింట్‌లో అయితే దాంతోపాటే తోకచక్రం. తర్వాత రెండో చక్రం తనంతట తాను దిగుతుంది. దాన్ని బలవంతంగా దించకండి.

త్రీ పాయింట్ అయితే స్టిక్ వెనక్కి లాగుతూ, తాకిన వెంటనే పూర్తిగా పొట్టదాకా లాగి పట్టండి. వీల్ ల్యాండింగ్ అయితే చక్రం తాకగానే స్టిక్‌ను కొంచెం ముందుకు వదలండి. కొంచెమే. రెక్కల కోణం తగ్గి విమానం నేలకు అంటుకుంటుంది. బలంగా నెడితే ప్రొపెల్లర్ నేలను కొడుతుంది.

చూపు దూరంగా, రన్‌వే చివరన ఉండాలి. దగ్గరగా చూస్తే ముక్కు తిరగడం ఆలస్యంగా తెలుస్తుంది. త్రీ పాయింట్‌లో ముందు ఏమీ కనపడకపోతే రెండు అంచులనూ కంటి కొసలతో పట్టుకోండి. ఒక అంచు వెడల్పవుతుంటే ముక్కు అవతలికి పోతున్నట్టు.

6. రోల్ అవుట్ (తాకాక ఆగేదాకా పరుగు): అసలు పని ఇక్కడే

ఇప్పుడు మూడు నియమాలు, మూడూ ఒకేసారి.

*స్టిక్ గాలివైపుకు పెరుగుతూ పోవాలి.* తాకినప్పుడు ఎంత ఉందో అక్కడే ఆపకండి. వేగం తగ్గేకొద్దీ ఇంకా వేస్తూ, విమానం నెమ్మదించేసరికి పూర్తిగా గాలివైపు చేర్చాలి. దీనివల్ల రెండు లాభాలు. గాలి ఎగరేయబోయే రెక్క కిందే ఉంటుంది. పైగా అవతలి రెక్కమీద కిందికి వంగిన ఐలెరాన్ గాలిని ఎక్కువగా అడ్డుకుని ముక్కును గాలికి దూరంగా లాగుతుంది. గాల్లో మనకు చిరాకు తెప్పించే ఆ ఐలెరాన్ లాగుడు ఇక్కడ మన పక్షాన పనిచేస్తుంది.

*కాళ్లు చిన్నగా, తొందరగా కదలాలి.* అరచేతిలో కర్రను నిలబెట్టినప్పుడు చేయి ఎలా ఆగకుండా కొద్దికొద్దిగా కదులుతుందో, పాదాలు అలా కదలాలి. నొక్కు, వదులు. నొక్కు, వదులు. ముక్కు కదలడం మొదలవ్వగానే నొక్కాలి, తిరిగి రావడం మొదలవ్వగానే వదలాలి. తిన్నగా వచ్చేదాకా నొక్కి పట్టి ఉంచితే అది అవతలికి దాటిపోతుంది. అప్పుడు మీరు రెండో పెడల్ ఇంకా గట్టిగా నొక్కుతారు. అలా మూడోసారికి విమానం చేయి దాటిపోతుంది.

*స్టిక్ వెనక్కి.* తోకచక్రం నేలకు అదిమి ఉంటేనే స్టీరింగ్ ఉంటుంది. వీల్ ల్యాండింగ్ చేసినవాళ్లు, రడ్డర్ ఇంకా జవాబు చెబుతుండగానే తోకను నెమ్మదిగా దించి, తర్వాత స్టిక్ పూర్తిగా వెనక్కి లాగి ఉంచాలి. ఎలివేటర్ (తోకను పైకీ కిందికీ కదిపే పలక) బలం అయిపోయి తోక దానంతట అదే పడేదాకా ఆగితే, రడ్డర్ కూడా అప్పటికే నీరసించి ఉంటుంది. మరీ తొందరపడి దించితే విమానం మళ్లీ గాల్లోకి లేస్తుంది. ఈ రెండింటి మధ్య కాలం మీ విమానంలో ఎప్పుడు వస్తుందో ఇన్‌స్ట్రక్టర్‌తో కొన్నిసార్లు చేస్తేనే తెలుస్తుంది.

బ్రేకుల సంగతి. మడమలు నేలమీద, వేళ్లు బ్రేకులకు దూరంగా. కబ్, ఛాంప్ లాంటివాటిలో మడమ బ్రేకులుంటాయి, సెస్నా 170, 180, సిటాబ్రియా లాంటివాటిలో వేలి బ్రేకులు. ఒకదాంట్లోనుంచి ఇంకోదాంట్లోకి మారినప్పుడు కాలు పాత అలవాటు ప్రకారం పోతుంది, జాగ్రత్త. రడ్డర్ చాలనప్పుడు, నెమ్మదించిన తర్వాత, గాలికి అవతలివైపు బ్రేకును చిన్నచిన్న తట్లుగా వాడండి. రెండు బ్రేకులూ కలిపి తొక్కితే తోక లేచి ముక్కు నేలకు గుద్దుకోవచ్చు.

ఈ దశలో ఫ్లాప్స్ ఎత్తకండి, రేడియో ముట్టకండి, టవర్ ఎక్కడ తిరగమంటోందో వెతకకండి. టవర్ కాసేపు ఆగగలదు.

7. ముక్కు తిరిగిపోతుంటే

మొదటి ఒకటి రెండు సెకన్లలో అయితే: పూర్తి ఎదురు రడ్డర్, స్టిక్ గాలివైపు పూర్తిగా, వెనక్కి. సరిపోకపోతే అవతలి బ్రేకు తట్టు. రన్‌వే ముందు మిగిలి ఉండి, ముక్కు ఇంకా కొంచెమే తిరిగి ఉంటే, ఇంజన్ పవర్‌తో ఒక్క చిన్న విసురు ఇవ్వవచ్చు. ప్రొపెల్లర్ గాలి రడ్డర్‌మీద పడి దానికి ప్రాణం పోస్తుంది. వేగం కూడా పెరుగుతుందన్నది గుర్తుంచుకోండి, విసురు ఇచ్చి వెంటనే తీసేయండి.

చాలా తోకచక్రాలు కొంత కోణం దాకానే స్టీరింగ్‌తో తిరుగుతాయి. ఆ కోణం దాటితే లాక్ విడిపోయి గిర్రున తిరగనిస్తాయి. అక్కడినుంచి పెడల్‌తో తోకచక్రానికి సంబంధం లేదు. అందుకే మొదట్లోనే పట్టుకోవడం అంత ముఖ్యం.

ఆ దశ దాటిపోతే పోరాడకండి. థ్రాటిల్ మూసేయండి, స్టిక్ వెనక్కి, గాలివైపే ఉంచండి. నెమ్మదిగా జరిగే గ్రౌండ్ లూప్ చాలాసార్లు దుమ్ముతో, గీసుకున్న రెక్క చివరతో ముగుస్తుంది. సగం తిరిగాక భయంతో ఫుల్ పవర్ ఇచ్చి హ్యాంగర్‌వైపు ఎగరబోవడం వేరే రకం ప్రమాదం.

8. ఎగిరిపడితే

చిన్న గెంతు అయితే రెక్కను గాలివైపు అలాగే వంచి ఉంచి, ముక్కు తిన్నగా పెట్టి, మళ్లీ దిగనివ్వండి. పెద్ద గెంతు అయితే, లేదా రెండోసారి గెంతితే, గో అరౌండ్. స్టిక్ ముందుకు నెట్టి బలవంతంగా నేలకు కొట్టకండి, గెంతులు పెరుగుతాయి.

గో అరౌండ్‌లో ఒక ఉచ్చు ఉంది. కాక్‌పిట్ నుంచి చూస్తే సవ్యదిశలో తిరిగే ప్రొపెల్లర్ ఉన్న విమానంలో పవర్ ఇవ్వగానే ముక్కు ఎడమకు పోతుంది. గాలి కూడా ఎడమనుంచే అయితే రెండూ కలుస్తాయి. పవర్‌ను నునుపుగా, కుడి రడ్డర్‌తో కలిపి ఇవ్వండి.

గో అరౌండ్ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, సంజాయిషీ కూడా అక్కర్లేదు.

9. టాక్సీ

రన్‌వేనుంచి మలుపు తిరగడం నడక వేగానికి వచ్చాకే. గాలి ముందునుంచి లేదా ముందు పక్కనుంచి వస్తుంటే స్టిక్ వెనక్కి, గాలివైపు. గాలి వెనుక పక్కనుంచి వస్తుంటే స్టిక్ ముందుకు, గాలికి అవతలివైపు. మలుపు తిరిగినప్పుడల్లా గాలి ఎక్కడినుంచి వస్తోందో మళ్లీ ఆలోచించి స్టిక్ మార్చాలి. ఎదురుగాలి నుంచి వెన్నుగాలికి మారే మలుపులో విమానాలు తిరిగిపోవడం అరుదు కాదు. చక్రాలకు అడ్డుకట్టలు పడేదాకా స్టిక్ వదలకండి.

ఎక్కువమంది చేసే తప్పులు

తాకగానే ఐలెరాన్‌ను మధ్యకు తెచ్చేయడం వీటన్నిటిలో ముందుంటుంది. ముక్కుచక్రం విమానాలనుంచి వచ్చినవాళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. అక్కడ ఆ అలవాటుకు పెద్దగా శిక్ష పడదు.

ముక్కు తిరుగుతుంటే స్టిక్‌ను కారు స్టీరింగ్‌లా అవతలికి తిప్పడం ఇంకో తప్పు. గాలి ఎడమనుంచి వచ్చి ముక్కు ఎడమకు పోతుంటే చేయి తెలియకుండానే కుడికి వెళ్తుంది. దాంతో గాలివైపు రెక్క లేస్తుంది, ఐలెరాన్ లాగుడు కూడా ముక్కును ఎడమకే తిప్పుతుంది.

పెడల్స్ రెండింటినీ ఒకేసారి బిగబట్టి నొక్కడం టెన్షన్‌వల్ల జరుగుతుంది. కాళ్లు బిగుసుకుంటే చిన్న కదలికలు రావు. ఫైనల్‌లో ఒకసారి కాలివేళ్లు కదిపి చూసుకోండి, చాలు.

వేగం ఎక్కువగా తెచ్చి, తేలుతూ, విసుగొచ్చి బలవంతంగా దించడం. సెంటర్‌లైన్ పోయినా "పర్లేదులే, రన్‌వే వెడల్పుంది" అనుకోవడం. గాలి తక్కువగా ఉన్న రోజున సెంటర్‌లైన్ పట్టించుకోనివాళ్లకు గాలి ఉన్న రోజున అది దొరకదు.

సాధన ఏ వరసలో?

ముందు ఎత్తులో, ఒక తిన్నని రోడ్డు మీదుగా, రెండువైపులా సైడ్‌స్లిప్. ముక్కు రోడ్డుమీదే ఉండాలి. తర్వాత రన్‌వేమీద తక్కువ ఎత్తులో, తాకకుండా, సెంటర్‌లైన్ వెంట పోవడం. అది నిలకడగా వచ్చాక, ఇన్‌స్ట్రక్టర్ పవర్ పట్టుకుని ఉండగా గాలివైపు చక్రం ఒక్కటే నేలమీద దొర్లేలా పోవడం. ఇది కాళ్లకూ చేతులకూ అన్నిటికన్నా బాగా నేర్పుతుంది. పూర్తిగా ఆగే ల్యాండింగులు చివర. టచ్ అండ్ గోలు ఎక్కువ చేయకండి. కష్టమైన భాగం వేగం తగ్గాకే వస్తుంది, టచ్ అండ్ గోలో అది రాకముందే మీరు లేచిపోతారు.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

ప్రతి ల్యాండింగ్ తర్వాత ఇంజన్ ఆపకముందే ఈ నాలుగూ అడగండి.

- తాకినప్పుడు మీ శరీరం పక్కకు కుదిపినట్టయిందా? అయితే ముక్కు వంకరగా ఉంది, లేదా విమానం పక్కకు జరుగుతోంది. కుదుపు ఎటు వచ్చిందో గుర్తుపెట్టుకోండి.
- ఏ చక్రం ముందు తాకింది? గాలివైపుది కాకపోతే రెక్కను తొందరగా సమం చేశారు.
- విమానం ఆగేసరికి స్టిక్ ఎక్కడ ఉంది? గాలివైపు మూలన, పొట్టదగ్గర లేకపోతే మధ్యలో ఎక్కడో వదిలేశారు.
- సెంటర్‌లైన్ ఎప్పుడైనా రెండు మెయిన్ చక్రాల మధ్యనుంచి బయటికి పోయిందా?

నేలమీద నిలబడి ఎవరైనా రన్‌వే చివరనుంచి ఫోన్‌లో వీడియో తీస్తే చాలా తెలుస్తుంది. వీడియోలో రడ్డర్‌నే చూడండి. అది చిన్నగా ఆడుతూ ఉండాలి. ఒక మూలన చాలాసేపు నిలిచిపోతే కాలు బిగుసుకున్నట్టు. ఐలెరాన్ చివరిదాకా పెరుగుతూ పోయిందో లేదో కూడా అందులోనే తేలిపోతుంది. ఎడమగాలి, కుడిగాలి రెండింటిలోనూ చూసుకోండి. చాలామందికి ఒకవైపు బాగా వస్తుంది, ఇంకోవైపు రాదు.

గట్టిగా పక్కకు కుదిపిన ల్యాండింగ్ అయితే, లేదా ముక్కు బాగా తిరిగితే, మళ్లీ ఎగరకముందు మెకానిక్‌తో చూపించండి. ల్యాండింగ్ గేర్ బిగించిన చోటు, బోల్టులు, బంజీ తాళ్లు ఉంటే అవి, తోకచక్రం స్ప్రింగులు, రెక్క చివర అడుగుభాగం. ప్రొపెల్లర్ కొనలకు మట్టి గానీ గడ్డి గానీ అంటి ఉంటే అది నేలను తాకినట్టే లెక్క. పైకి వంగకపోయినా ఇంజన్ లోపల దెబ్బ తగిలి ఉండవచ్చు, కాబట్టి తనిఖీ అయ్యేదాకా స్టార్ట్ చేయకండి.